మీ గోడ కాదు... మన గోడ

రాజుగారి చేతికి గిన్నె అందించడం అతడి కొలువు.

వినడానికి చిన్న పనిలాగే ఉంటుంది. కానీ ఆ రోజుల్లో అంతకంటే నమ్మకమైన ఉద్యోగం ఇంకోటి లేదు. పారశీక చక్రవర్తి మొదటి అర్తహషస్త తండ్రి క్షయర్ష క్రీస్తుపూర్వం 465లో హత్యకు గురయ్యాడు. చంపింది బయటి శత్రువులు కాదు, సొంత కొలువులోని మనుషులే. అలాంటి ఇంట్లో పుట్టిన రాజు, ఒకడి చేతి మీదుగా వచ్చిన ద్రాక్షారసాన్ని నిశ్చింతగా తాగుతున్నాడంటే ఆ ఒక్కడి మీద ఎంత నమ్మకం ఉండాలి!

ఆ ఒక్కడి పేరు నెహెమ్యా. యూదుడు. చెరపట్టి తెచ్చిన జాతిలో పుట్టి, రాజు పక్కన నిలబడే స్థాయికి ఎదిగినవాడు. ఇప్పటి ఇరాన్‌లో ఉన్న షూషను కోటలో అతడి కొలువు. తిండికి లోటు లేదు, గౌరవానికి కొదవ లేదు. పైగా రాజు దగ్గర చనువు. ఇంకేం కావాలి?

ఒక చలికాలం, సోదరుడు హనానీ మరికొందరితో కలిసి యూదా దేశం నుంచి వచ్చాడు. మాటల్లో నెహెమ్యా యెరూషలేము సంగతి అడిగాడు. గోడలు కూలి ఉన్నాయి, గుమ్మాలు కాలిపోయి ఉన్నాయి, అక్కడున్నవాళ్లు నానా అగచాట్లు పడుతున్నారు... ఇదీ వాళ్లు చెప్పింది.

బబులోను సైన్యం ఆ నగరాన్ని నేలమట్టం చేసింది క్రీస్తుపూర్వం 586లో. నెహెమ్యా ఈ కబురు విన్నది క్రీస్తుపూర్వం 445 ప్రాంతంలో. అంటే దాదాపు 140 ఏళ్ల తేడా. అతడు పుట్టకముందే కూలిన గోడ అది. వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఊరు. 'అయ్యో పాపం' అనుకుని ఊరుకున్నా తప్పుపట్టేవాళ్లు లేరు. అతడు ఊరుకోలేదు. కూర్చుని ఏడ్చాడు. తిండి మానేశాడు. ప్రార్థనలో కూడా 'వాళ్లు తప్పు చేశారు' అనలేదు. తననూ, తన తండ్రి ఇంటినీ ఆ తప్పులో కలుపుకునే మాట్లాడాడు.

నాయకత్వం గురించి లోకంలో వచ్చిన పుస్తకాలకు లెక్కలేదు. వాటిలో బైబిలు పాత నిబంధనలోని ఈ నెహెమ్యా కథను వాడుకున్నవి చాలానే ఉంటాయి. 52 రోజుల్లో గోడ కట్టించిన కార్యదక్షుడిగా అతణ్ని పొగుడుతారు. పొగడాల్సిందే. అయితే ఆ కథలో గోడకంటే పెద్ద సంగతి ఇంకొకటుంది. దాని దగ్గరికి వెళ్లేముందు గోడ దగ్గరికే వెళదాం.

నాలుగు నెలల మౌనం

కబురు విన్నది కిస్లేవు మాసంలో. రాజు ముందు నోరు విప్పింది నీసాను మాసంలో. మధ్యలో సుమారు నాలుగు నెలలు. ఆ నాలుగు నెలలూ అతడు చేతులు ముడుచుకుని కూర్చోలేదని తర్వాత తెలుస్తుంది.

ఒకరోజు రాజు అతడి ముఖం చూసి, ఒంట్లో బాగానే ఉన్నట్టుంది కదా, మనసులో ఏదో దిగులున్నట్టుందే అన్నాడు. నెహెమ్యాకు గుండె దడదడలాడింది. ఆ మాట అతడే రాసుకున్నాడు. ఎందుకు భయం? ఎజ్రా గ్రంథం చూస్తే తెలుస్తుంది. యెరూషలేమును తిరిగి కట్టే పని ఆపించమని గతంలో ఆజ్ఞ వెళ్లింది ఇదే అర్తహషస్త పేరు మీద. రాజు తానే ఆపించిన పనిని మళ్లీ మొదలుపెట్టనివ్వమని అడగాలి. అదీ రాజు నమ్మి గిన్నె అందుకునే మనిషి అడగాలి. తేడా వస్తే పోయేది ఉద్యోగం ఒక్కటే కాదు.

అతడు అడిగిన తీరు చూడండి. నగరం పేరు ఎత్తలేదు. తన పూర్వీకుల సమాధులున్న ఊరు పాడుబడి ఉంటే ముఖంలో కళ ఎలా ఉంటుందన్నాడు. రాజ్య వ్యవహారంగా చెబితే అడ్డుపడేది పాత ఆజ్ఞ. కన్నవాళ్ల సమాధులంటే ఏ రాజుకైనా అర్థమవుతుంది.

ఏం కావాలని రాజు అడిగాడు. అప్పుడు బయటపడింది నాలుగు నెలల కసరత్తు. ఎన్నాళ్లు పడుతుందో గడువు చెప్పాడు. నది అవతలి అధికారులు దారి ఇచ్చేలా ఉత్తరాలు కావాలన్నాడు. రాజుగారి అడవిని కాసే ఆసాపు కలప ఇచ్చేలా ఇంకో ఉత్తరం కావాలన్నాడు. ఆ కలప దేనికి? కోట గుమ్మాలకు, నగరపు గోడకు, తానుండబోయే ఇంటికి. అడవి ఎవరి అధీనంలో ఉందో పేరుతో సహా తెలుసు అతడికి!

మన దగ్గర చాలామంది పైఅధికారి ముందు కష్టం చెప్పుకోవడం దగ్గరే ఆగిపోతారు. 'సరే, నీకేం కావాలో చెప్పు' అని ఆయన అడిగేసరికి బుర్ర గోక్కుంటారు. నెహెమ్యా బాధతో పాటు లెక్క కూడా సిద్ధం చేసుకుని వెళ్లాడు. 

చీకట్లో ఒక చుట్టు

యెరూషలేము చేరాక మూడు రోజులు ఎవరికీ ఏమీ చెప్పలేదు. సన్మానాలూ లేవు, ఉపన్యాసాలూ లేవు. ఒక రాత్రి కొద్దిమందిని వెంటబెట్టుకుని బయల్దేరాడు. ఉన్నది ఒక్క వాహనం, అతడెక్కిన జంతువు. లోయ గుమ్మం నుంచి పెంట గుమ్మం వైపు, అక్కణ్నుంచి బుగ్గ గుమ్మం వైపు... కూలిన గోడను చూసుకుంటూ వెళ్లాడు. ఒకచోట రాళ్లూరప్పలూ ఎంతగా పేరుకుపోయాయంటే జంతువు అడుగు వేయడానికి దారి లేకపోయింది.

ఈ చిన్న వివరం వెనక ఒక ఆసక్తికరమైన సంగతుంది. బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త కాథ్లీన్ కెన్యన్ 1960లలో యెరూషలేము తూర్పు వాలులో తవ్వకాలు జరిపించారు. ఆ వాలు మీద పాత కట్టడాలు కుప్పకూలి పేరుకున్నాయనీ, అందుకే నెహెమ్యా కింది గోడను వదిలేసి గుట్ట పైఅంచున గోడ కట్టించి ఉంటాడనీ ఆమె అభిప్రాయపడ్డారు. తర్వాత 2007లో ఇజ్రాయెల్ పురావస్తు శాస్త్రవేత్త ఈలాత్ మజర్ ఒక గోడ భాగం నెహెమ్యా కాలానిదేనని ప్రకటించారు. దాన్ని అందరు పండితులూ ఒప్పుకోలేదు. ఆ చర్చ ఎలా ఉన్నా, కెన్యన్ మాట నిజమైతే ఆ రాత్రి తిరుగుడు వృథా పోలేదన్నమాట. ఏది తిరిగి కట్టాలో చూడ్డమే కాదు, దేన్ని వదిలేయాలో కూడా చూసి వచ్చాడు.

కళ్లతో చూశాకే నోరు తెరిచాడు. అక్కడి యాజకుల్నీ, పెద్దల్నీ, అధికారుల్నీ సమావేశపరిచాడు. అతడు వచ్చింది చక్రవర్తి కొలువు నుంచి. వెంట గుర్రపు రౌతులున్నారు. చేతిలో రాజముద్ర పడిన ఉత్తరాలున్నాయి. 'ఇన్నాళ్లూ మీరేం చేశారు' అని గద్దించే హక్కు ఉందనుకోవచ్చు. అలా అనలేదు. ఆ దురవస్థ మనదే అన్నాడు. కట్టుకుందాం రమ్మన్నాడు.

తెలుగులో 'మేము' వేరు, 'మనం' వేరు. ఎదుటివాణ్ని బయట నిలబెట్టే మాట 'మేము'. లోపలికి పిలిచే మాట 'మనం'. నెహెమ్యా ఆ ఊళ్లో మూడు రోజుల క్రితం దిగినవాడు. అయినా అతడి నోట వచ్చింది 'మనం'. ఊళ్లోవాళ్లు వెంటనే లేచి పనికి పూనుకున్నారు.

ఎవరి ఇంటి ముందు వాళ్లే

నెహెమ్యా గ్రంథం 3వ అధ్యాయం చదవడం కొంచెం కష్టం. ఫలానావాడి కొడుకు ఫలానావాడు, వాడి పక్కన ఇంకొకడు... పేర్ల జాబితా. చాలామంది పేజీ తిప్పేస్తారు. కానీ పని ఎలా పంచాలో తెలుసుకోవాలంటే ఆగి చదవాల్సింది అక్కడే.

మొత్తం గోడను సుమారు 40 భాగాలుగా విడదీశారు. ప్రధాన యాజకుడు ఎల్యాషీబు తోటి యాజకులతో కలిసి గొర్రెల గుమ్మం కట్టాడు. కంసాలులు ఒక భాగం తీసుకున్నారు. అత్తరు చేసేవాడొకడు వాళ్ల పక్కనే నిలబడ్డాడు. వ్యాపారులొచ్చారు. యెరికో, గిబియోను, మిస్పా లాంటి బయటి ఊళ్ల మనుషులొచ్చారు. షల్లూము అనే అధికారి కూతుళ్లను వెంటబెట్టుకుని వచ్చాడు. ఒక జిల్లా అధికారి పెంట గుమ్మం బాగుచేశాడు. ఊరి చెత్తంతా వెళ్లే గుమ్మం అది. నామోషీ అనుకోలేదు.

వీళ్లలో తాపీపని తెలిసినవాళ్లు ఎందరుంటారు? అత్తరు సీసాలు పట్టే చేతులకు రాళ్లెత్తడం ఏం అలవాటు? అందుకే నెహెమ్యా ఒక కిటుకు పాటించాడు. చాలామందికి వాళ్ల వాళ్ల ఇంటి ఎదుటి భాగాన్నే అప్పగించాడు. ఇంటి ముందు గోడ బలహీనంగా ఉంటే రేపు శత్రువు ముందు వచ్చేది ఆ ఇంట్లోకే. ఇక మేస్త్రీ వచ్చి చూడనక్కర్లేదు, ఎవరి పని వాళ్లే గట్టిగా చేసుకుంటారు.

ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు తెకోవ పెద్దమనుషులు మాత్రం పనికి భుజం వంచలేదు. నెహెమ్యా వాళ్ల వెంటపడలేదు. ఒక్క వాక్యంలో ఆ సంగతి నమోదు చేసి ముందుకు సాగిపోయాడు. కానీ అదే జాబితాలో ఇంకొంచెం కిందికి వెళ్లండి. తెకోవ ఊరి మామూలు జనం తమ భాగం ముగించి, రెండో భాగం కూడా కట్టారని కనిపిస్తుంది. పెద్దలు రాని లోటును సామాన్యులు తీర్చారు. ప్రతి ఆఫీసులో, ప్రతి సంఘంలో తెకోవ పెద్దలుంటారు. వాళ్లను బతిమాలడంలో పొద్దు పుచ్చేవాడికి రెండో భాగం కట్టేవాళ్లు కనిపించరు.

ఒక చేత్తో రాయి, ఒక చేత్తో కత్తి

పని మొదలైతే వెక్కిరింపు కూడా మొదలవుతుంది. షోమ్రోనులో సన్బల్లటు, అమ్మోనీయుడైన టోబీయా, అరబ్బు నాయకుడు గెషెము... ముగ్గురికీ ఆ గోడ కంట్లో నలుసైంది. నక్క ఎక్కినా కూలిపోయే గోడ అని టోబీయా ఎగతాళి చేశాడు.

సన్బల్లటు కల్పిత పాత్ర కాదనడానికి బయటి ఆధారం ఉంది. ఈజిప్టులో నైలు నది మధ్యనున్న ఎలిఫెంటీన్ దీవిలో దొరికిన పాపిరస్ పత్రాల్లో క్రీస్తుపూర్వం 407 నాటి ఉత్తరం ఒకటుంది. అందులో షోమ్రోను అధిపతి సన్బల్లటు పేరు, అతడి కొడుకుల పేర్లు కనిపిస్తాయి. అంటే నెహెమ్యాను ఎదిరించింది వీధి రౌడీ కాదు. ఇరుగు ప్రాంతాన్ని ఏలే కుటుంబం.

ఎగతాళికి లొంగకపోయేసరికి దాడి చేస్తామన్నారు. అప్పటికి గోడ సగం ఎత్తు లేచింది. ఎక్కడైనా పని సగమయ్యాకే నీరసం వస్తుంది. మొదట్లో ఉన్న ఊపు ఉండదు, చివర ఇంకా కనబడదు. మోసేవాళ్ల శక్తి ఉడిగిపోయింది, చెత్త చూస్తే తరగడం లేదు అని సొంతవాళ్లే అన్నారు.

నెహెమ్యా వాళ్లను తిట్టలేదు. గోడ తక్కువ ఎత్తున్న చోట్ల కుటుంబాలవారీగా కాపలా పెట్టాడు. పక్కన సొంత అన్నదమ్ముడు నిలబడితే ఎవడూ పారిపోడు. సగంమంది కడుతుంటే సగంమంది ఈటెలు పట్టుకున్నారు. బరువులు మోసేవాళ్లు ఒక చేత్తో పని, ఒక చేత్తో ఆయుధం. గోడ పొడవు ఎక్కువ, మనుషులు దూరదూరంగా ఉన్నారు కాబట్టి బూర ఊదేవాణ్ని తన పక్కనే ఉంచుకున్నాడు. బూర వినబడ్డ చోటికి అందరూ పరుగెత్తి రావాలి. తానూ, తన మనుషులూ రాత్రిళ్లు బట్టలు కూడా మార్చలేదు.

ఇక్కడిదాకా అన్ని పుస్తకాలూ చెప్పే కథే. అసలు పరీక్ష ఇప్పుడు వచ్చింది. అది గోడ బయటి నుంచి రాలేదు.

కంచే చేను మేస్తే...

ఒకరోజు కేకలు వినబడ్డాయి. శత్రువులవి కాదు. తమ జనానివే. మగవాళ్లతో పాటు ఆడవాళ్లు కూడా వచ్చి మొరపెట్టుకున్నారు.

కొందరికి పిల్లలెక్కువ, గింజల్లేవు. కొందరు కరువులో ధాన్యం కోసం పొలాలూ, ద్రాక్షతోటలూ, ఇళ్లూ తాకట్టు పెట్టారు. కొందరు రాజుగారి పన్ను కట్టడానికి అప్పు చేశారు. అప్పు తీరక కొడుకుల్నీ కూతుళ్లనూ దాస్యానికి పంపాల్సి వచ్చింది. కూతుళ్లలో కొందరు అప్పటికే వెళ్లిపోయారు. విడిపించుకుందామంటే పొలం పరాయి చేతిలో ఉంది. 

అప్పులిచ్చినవాళ్లెవరు? సన్బల్లటు కాదు, టోబీయా కాదు. సొంత జాతి పెద్దలే. పగలు పక్కపక్కన నిలబడి గోడ కడుతున్నారు. సాయంత్రం ఇంటికెళ్లి వడ్డీ లెక్క చూసుకుంటున్నారు. నూటికి ఒకటి వడ్డీ అని గ్రంథం చెబుతుంది. అది నెలకని చాలామంది వ్యాఖ్యాతల మాట. మన ఊళ్లలో రూపాయి వడ్డీ అంటారే, అలాంటిది. 

నెహెమ్యా ఇరకాటంలో పడ్డాడు. ఆలోచించండి. గోడ ఇంకా పూర్తవలేదు. బయట శత్రువు కాచుక్కూర్చున్నాడు. ఆ పెద్దల మద్దతు లేకపోతే పని ఆగిపోవచ్చు. తెలివైన నిర్వాహకుడైతే 'ముందు గోడ కానివ్వండి, ఇవన్నీ తర్వాత చూద్దాం' అంటాడు. ఎన్ని ప్రాజెక్టుల్లో, ఎన్ని కంపెనీల్లో వినలేదు ఈ మాట! ఆ 'తర్వాత' ఎప్పటికీ రాదు.

కానీ గోడ ఎందుకు? లోపలి మనుషులు భద్రంగా ఉండటానికి. ఆ మనుషుల పిల్లలే గోడ లోపల అమ్ముడుపోతుంటే ఇక కాపాడేది ఎవర్ని?

అతడికి ఒళ్లు మండిపోయింది. అది కూడా దాచుకోకుండా రాసుకున్నాడు. అయితే వెంటనే అరవలేదు. ముందు తనలో తాను ఆలోచించుకున్నాడు. ఆ తర్వాత పెద్దల్ని నిలదీసి, వాళ్లకు వ్యతిరేకంగా మహాసభ పెట్టాడు. పరాయి దేశాలకు అమ్ముడుపోయిన మనవాళ్లను శక్తికొద్దీ మనమే విడిపించుకొచ్చాం, ఇప్పుడు మీరే వాళ్లను మళ్లీ అమ్ముతున్నారా అని అడిగాడు. వాళ్ల దగ్గర జవాబు లేదు.

ఆ తర్వాత చెప్పిన సంగతే ఈ కథకు ప్రాణం. తానూ, తన అన్నదమ్ములూ, తన పనివాళ్లూ కూడా జనానికి సొమ్మూ ధాన్యమూ అప్పిచ్చామని సభలో ఒప్పుకున్నాడు. ఇక ఇది మనం మానుకుందామన్నాడు. 

ఎవరూ అతణ్ని వేలెత్తి చూపలేదు. చెప్పకపోయినా గడిచిపోయేది. కానీ చెప్పకపోతే ఆ సభ ఒక అధికారి పెట్టిన పంచాయతీగా మిగిలేది. చెప్పాడు కాబట్టి అందరూ కలిసి దిద్దుకున్న తప్పయింది. గోడ దగ్గర అన్న 'మనం' తేలికే. అందులో గౌరవం ఉంది. నేరం దగ్గర 'మనం' అనడానికి మాత్రం గుండె కావాలి. 

పొలాలు, తోటలు, ఇళ్లు ఆ రోజే తిరిగివ్వమన్నాడు. వడ్డీ కూడా వదులుకోమన్నాడు. ఇస్తామన్నారు. మాటతో సరిపెట్టలేదు. యాజకుల్ని పిలిపించి ప్రమాణం చేయించాడు. ఒడి దులిపి చూపించాడు. మాట తప్పినవాణ్ని దేవుడు ఇలాగే దులిపేస్తాడని హెచ్చరించాడు. 

తిననని చెప్పిన తిండి

తర్వాత ఏం జరిగిందన్నది ఇంకా ముఖ్యం. సభలో గొప్పగా మాట్లాడి, మర్నాటి నుంచి యథాప్రకారం మేసేవాళ్లు ఎక్కడైనా ఉంటారు.

నెహెమ్యా అర్తహషస్త పరిపాలనలో 20వ ఏట నుంచి 32వ ఏట దాకా, అంటే క్రీస్తుపూర్వం 445 నుంచి 433 వరకు, 12 ఏళ్లు యూదాకు అధికారిగా ఉన్నాడు. అంతకుముందున్న అధికారులు జనం దగ్గర రొట్టె, ద్రాక్షారసం కాక 40 తులాల వెండి గుంజేవారు. వాళ్ల నౌకర్లు కూడా జనం నెత్తికెక్కేవారు. అధికారికి రావాల్సిన భత్యాన్ని నెహెమ్యా 12 ఏళ్లూ ముట్టుకోలేదు. 

అలాగని ఒంటిపూట భోజనం చేస్తూ సన్యాసిలా బతకలేదు. అతడి బల్ల దగ్గర రోజూ 150 మంది యూదులూ అధికారులూ తినేవారు. చుట్టుపక్కల దేశాల నుంచి వచ్చిన అతిథులు వీళ్లకు అదనం. రోజుకు ఒక ఎద్దు, ఆరు మంచి గొర్రెలు, కోళ్లు... పది రోజులకోసారి రకరకాల ద్రాక్షారసం. అంత ఖర్చున్నప్పుడు భత్యం తీసుకుంటే అడిగేవాళ్లెవరు? అది అతడి హక్కు. అయినా తీసుకోకపోవడానికి ఒకే కారణం చెప్పాడు. జనం మీద భారం అప్పటికే ఎక్కువగా ఉంది. పొలాలు కూడా కొనలేదు. కరువులో, అప్పుల్లో ఉన్న ఊళ్లో భూములు చవగ్గా దొరుకుతాయి. కొనుక్కోవడానికి అంతకంటే మంచి అదను ఉండదు. అందుకే కొనకపోవడం గొప్ప. 

లంచం తీసుకోని నాయకులు ఉంటారు. హక్కుగా వచ్చేదాన్ని కూడా జనం పరిస్థితి చూసి వదులుకునేవాళ్లే అరుదు. 

ఇవతల గోడ లేస్తూనే ఉంది. శత్రువులు ఎత్తు మార్చారు. ఓనో మైదానంలో కలుసుకుందామని నాలుగుసార్లు కబురు పెట్టారు. పెద్ద పనిలో ఉన్నాను, దిగి రావడం కుదరదన్నాడు. నాలుగుసార్లూ అదే జవాబు. అయిదోసారి తిరుగుబాటు చేసి రాజు కావాలనుకుంటున్నాడని పుకారు రాసి, ముద్ర వేయని ఉత్తరం పంపారు. దారిలో అందరూ చదవాలనే కదా ముద్ర వేయనిది! షెమయా అనేవాడు నిన్ను చంపడానికి వస్తున్నారు, ఆలయంలో దాక్కో అన్నాడు. అతడు డబ్బు పుచ్చుకుని చెబుతున్నాడని నెహెమ్యా పసిగట్టాడు. తనలాంటివాడు పారిపోవడమేంటని కదల్లేదు.

ఏలూలు మాసం 25వ రోజున గోడ పూర్తయింది. 52 రోజులు పట్టిందని నెహెమ్యా గ్రంథం చెబుతుంది. క్రీస్తుశకం 1వ శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసెఫస్ మాత్రం రెండేళ్ల నాలుగు నెలలని రాశాడు. ఏ లెక్క తీసుకున్నా, 140 ఏళ్లు లేవని గోడ లేచింది. 

గుమ్మాలకు తలుపులు పెట్టాక నగరం బాధ్యత ఎవరికప్పగించాడు? మొదట కబురు తెచ్చిన హనానీకి, నమ్మకస్తుడని పేరున్న కోట అధిపతి హనన్యాకు. పొద్దెక్కేదాకా గుమ్మాలు తెరవొద్దని చెప్పాడు. గోడ కట్టడం ఒక ఎత్తు, రోజూ తలుపు వేయడం ఇంకో ఎత్తు. 

అతడు వెనుదిరిగాక

ఇక్కడ ముగిస్తే కథ కమ్మగా ఉంటుంది. కానీ గ్రంథం ముగించలేదు. చివరి అధ్యాయం ఒకటుంది.

పన్నెండేళ్ల తర్వాత నెహెమ్యా రాజు దగ్గరికి తిరిగి వెళ్లాడు. కొంతకాలానికి సెలవు తీసుకుని మళ్లీ యెరూషలేము వచ్చాడు. వచ్చి చూస్తే ఏముంది? గోడను వెక్కిరించిన టోబీయాకు ఆలయంలోనే ఒక పెద్ద గది ఇచ్చారు. ఇచ్చింది ఎవరో కాదు, ఎల్యాషీబు అనే యాజకుడే. ఆలయ సేవకులైన లేవీయులకు రావాల్సిన భాగం రాక పొట్ట పట్టుకుని పొలాలకు వెళ్లిపోయారు. విశ్రాంతి దినాన బరువులు మోస్తూ, చేపలమ్ముతూ బజారు నడుస్తోంది.

గోడ గట్టిగానే ఉంది. శత్రువు దాన్ని కూల్చలేదు. తలుపు తీస్తే లోపలికి వచ్చాడు, అంతే.

నెహెమ్యా ఏం చేశాడు? రెండు రకాల పనులు చేశాడు. టోబీయా సామాను బయట పారేయించాక ఊరుకోకుండా, గిడ్డంగుల మీద నమ్మకస్తులైన నలుగురిని నియమించాడు. ఒక యాజకుడు, ఒక లేఖకుడు, ఒక లేవీయుడు, వాళ్లకు తోడుగా ఇంకొకడు. ఎవరి భాగం వాళ్లకు పంచడం వీళ్ల పని. విశ్రాంతి దినానికి ముందు రోజు చీకటిపడగానే గుమ్మాలు మూయించి కాపలా పెట్టాడు. ఇవి తాను లేకపోయినా నడిచే ఏర్పాట్లు.

రెండోది వేరు. అన్యజాతి స్త్రీలను పెళ్లాడినవాళ్లను శపించాడు. కొందరిని కొట్టాడు. జుట్టు పీకాడు. అప్పుల గొడవలో కోపం వచ్చినప్పుడు తనలో తాను ఆలోచించుకున్న మనిషే ఇతడు! ఆ రోజు తన తప్పు ఒప్పుకుని 'మనం' అన్నాడు. ఈ రోజు 'మీరు' అని చెయ్యి చేసుకున్నాడు. జాతి నిలవదేమోనన్న భయం అతడిది. ఆ భయం అర్థమవుతుంది. కానీ ఆ ఇళ్లలోని ఆడవాళ్ల మాట, పిల్లల మాట ఆ అధ్యాయంలో ఎక్కడా వినబడదు. అంతకుముందు ఆడవాళ్ల మొర విని మహాసభ పెట్టినవాడు ఇక్కడ ఏ సభా పెట్టలేదు.

నాయకత్వ పాఠాలు చెప్పేవాళ్లు ఈ పేజీని చప్పుడు చేయకుండా దాటేస్తుంటారు. దాటకూడదు. ఎంత మంచి నాయకుడైనా అలసిపోతాడు. కట్టింది కళ్లముందే పాడవుతుంటే ఓపిక నశిస్తుంది. అప్పుడు నలుగురిని నియమించేదీ అదే చెయ్యే, జుట్టు పీకేదీ అదే చెయ్యే. ఏ చేత్తో చేసిన పని నిలుస్తుందో చదివేవాళ్లే తేల్చుకోవాలి. 

ఇన్ని తెలిసీ ఆ మనిషి మీద గౌరవం తగ్గదు. ఒక కారణం ఉంది. మళ్లీ ఒకసారి 3వ అధ్యాయంలోని పేర్ల జాబితా తెరవండి. గోడ కట్టినవాళ్లందరూ అందులో ఉన్నారు. కంసాలి ఉన్నాడు, అత్తరు చేసేవాడున్నాడు, షల్లూము కూతుళ్లున్నారు, రెండో భాగం కట్టిన తెకోవ జనమున్నారు. ఒకచోట నెహెమ్యా అన్న పేరు కూడా కనిపిస్తుంది. తొందరపడి మనవాడే అనుకోకండి. అతడు అజ్బూకు కొడుకు నెహెమ్యా, బేత్సూరులో సగం ప్రాంతానికి అధికారి. పేరు ఒకటే, మనిషి వేరు.

షూషను కోట వదిలి వచ్చి, నాలుగు నెలలు పథకం వేసి, రాత్రి చీకట్లో గోడ చుట్టూ తిరిగి, 12 ఏళ్లు భత్యం ముట్టుకోని నెహెమ్యా పేరు గోడ కట్టినవాళ్ల జాబితాలో లేదు.